50 కిలోమీటర్ల నుంచి 200 కిలోమీటర్లకు: శరీరాన్నీ సైకిల్‌నూ ఎలా సిద్ధం చేసుకోవాలి

వారాంతాల్లో 50 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా తొక్కగలుగుతున్నానని, మరో 3 నెలల్లో ఒకే రోజున 200 కిలోమీటర్లు పూర్తి చేయాలని ఉందని మీరు రాశారు. దానికి ఎంత సాధన కావాలి, ఇప్పుడున్న గేర్ల సైకిల్ సరిపోతుందా లేక కొత్తది కొనాలా, ఒంటరిగా వెళ్లడం మంచిదా బృందంతో వెళ్లడం మంచిదా అని అడిగారు. మీకున్న వ్యవధి చాలు. వాటికి జవాబు చెప్పే ముందు, మీరు అడగని మరో విషయం గురించి కాస్త విస్తారంగా రాస్తాను. ఎందుకంటే నా అనుభవంలో 200 కిలోమీటర్ల ప్రయాణం మధ్యలో ఆగిపోయినవారిలో కాళ్లలో బలం లేక ఆగినవారు చాలా తక్కువ. అరచేతులు తిమ్మిరెక్కి బ్రేకు నొక్కలేకపోవడం, సీటు మీద కూర్చోలేకపోవడం, మోకాలు పట్టేయడం, కడుపు ఏదీ పుచ్చుకోకపోవడం, రెండోసారి పంక్చరయ్యేసరికి ట్యూబు లేకపోవడం, సాధారణంగా ఇవే కారణాలు.

ఈ లోపాలన్నింటికీ ఒక లక్షణం ఉంది. ఇవి 2 గంటల ప్రయాణంలో బయటపడవు. సీటు 5 మిల్లీమీటర్లు కిందికి ఉంటే 50 కిలోమీటర్లలో మోకాలికి ఏమీ అనిపించదు. అదే లోపం 5వ గంటకో 6వ గంటకో నొప్పిగా మారుతుంది. నిమిషానికి 80 నుంచి 90 సార్లు పెడల్ తిప్పుతాం కాబట్టి, 10 గంటల్లో ప్రతి మోకాలూ దాదాపు 50,000 సార్లు వంగి లేస్తుంది. అంతటి పునరావృతంలో చిన్న తేడా కూడా చిన్నదిగా మిగలదు. అందువల్ల దూరప్రయాణానికి సిద్ధం కావడమంటే నా దృష్టిలో, ఈ దాగి ఉన్న లోపాలను అసలు రోజుకు ముందే, ఇల్లు దగ్గరగా ఉన్నప్పుడే, ఒక్కొక్కటిగా బయటికి లాగి సరిచేసుకోవడం. సాధనలో తొక్కే ప్రతి సుదీర్ఘ ప్రయాణమూ దమ్ము పెంచుకోవడానికి ఎంత అవసరమో, ఈ పరిశీలనకు కూడా అంతే అవసరం.

ముందుగా సీటు ఎత్తు చూడండి. గోడకు ఆనుకుని సైకిల్ మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి, పెడల్ అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు మోకాలు నిటారుగా అయ్యేలా సీటును అమర్చండి. తరవాత మామూలుగా తొక్కేటప్పుడు ఉంచినట్టు పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండడం చాలామందికి సరిపోతుంది. మడమ పద్ధతి ఆరంభానికి మాత్రమే; అక్కడి నుంచి శరీరమే చెబుతుంది. మోకాలి చిప్ప ముందు వైపు నొప్పి వస్తుంటే సాధారణంగా సీటు కిందికి ఉందని, మోకాలి వెనక లాగుతుంటే పైకి ఉందని అర్థం. వెనక నుంచి ఎవరినైనా గమనించమనండి. పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు తప్పకుండా ఎక్కువ ఎత్తులో ఉంది. మార్పు ఎప్పుడూ 3 నుంచి 5 మిల్లీమీటర్లకు మించకూడదు. మార్చిన తరవాత కనీసం రెండు మూడు ప్రయాణాలు చేసి చూడాలి. సరైన ఎత్తు కుదిరాక సీటు గొట్టం మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. సైకిల్‌ను విప్పి తరలించినప్పుడు ఆ గుర్తు లేకపోతే, నెలల తరబడి కుదుర్చుకున్నది ఒక్క నిమిషంలో పోతుంది.

సీటు విషయంలో కొత్తవారు దాదాపు అందరూ ఒకే దారి పడతారు: నొప్పిగా ఉంది కాబట్టి మెత్తటి జెల్ కవరు వేస్తారు. గంటసేపటికి అది హాయిగానే ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ పిరుదుల ఎముకలు ఆ మెత్తదనంలోకి దిగిపోయి, బరువంతా మధ్యనున్న సున్నితమైన కండరాల మీద, నరాల మీద పడుతుంది. తిమ్మిరి అక్కడి నుంచే మొదలవుతుంది. శరీర బరువును ఎముకలే మోయాలి. అందుకు సీటు వెనక భాగం ఆ ఎముకల మధ్య దూరానికి తగినంత వెడల్పు ఉండాలి. ఆ దూరం తెలుసుకోవడం కష్టం కాదు. ఒక అట్టపెట్టె ముక్కను గట్టి బల్ల మీద పెట్టి, దాని మీద కొంచెం ముందుకు వంగి ఒక నిమిషం కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య బిందువుల దూరం కొలిచి, దానికన్నా కాస్త వెడల్పైన సీటు ఎంచుకోవాలి. సీటు పైభాగం నేలకు సమాంతరంగా, లేదా ముక్కు అత్యంత స్వల్పంగా కిందికి ఉండాలి. ముక్కు ఎక్కువగా దించితే శరీరం ముందుకు జారుతూ ఉంటుంది, ఆ జారుడును ఆపే భారం అరచేతుల మీద పడుతుంది.

అరచేతుల సంగతి దీనికి కొనసాగింపే. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే, అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం మీద ఒత్తిడి పడుతోందని అర్థం. చేతి తొడుగులు కొంత ఉపశమనం ఇస్తాయి కానీ కారణాన్ని తీసివేయవు. కారణం సాధారణంగా సీటు వంపులోనో, హ్యాండిల్ మరీ దూరంగా లేదా మరీ కిందికి ఉండడంలోనో ఉంటుంది. మోచేతులు ఎప్పుడూ కాస్త వంగి ఉండాలి. బిగుసుకుపోయిన చేతులు రోడ్డు మీది ప్రతి కుదుపునూ నేరుగా మెడకు, భుజాలకు చేరవేస్తాయి. కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉంటే పట్టు మార్చుకోవడానికి మూడు నాలుగు చోట్లు దొరుకుతాయి. మీది నిటారు హ్యాండిల్ అయితే చివర్లలో బార్ ఎండ్లు, అంటే అదనపు పట్టు ఇచ్చే చిన్న కడ్డీలు, బిగించుకోండి. అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ సుఖమిచ్చే మార్పు అదే. ఏ హ్యాండిలైనా సరే, 10 నిమిషాలకొకసారి పట్టు మార్చడం, 15 నిమిషాలకొకసారి సీటు మీద నుంచి లేచి ఓ పది పెడళ్లు నిలబడి తొక్కడం, నొప్పి రాకముందే మొదటి గంట నుంచీ అలవాటు చేసుకోవాలి. నొప్పి మొదలయ్యాక లేచి నిలబడితే ఉపశమనం క్షణికం.

దుస్తుల గురించి క్లుప్తంగా చెబుతాను. లోపల ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి, వాటి కింద లోదుస్తులు వేయకండి. లోదుస్తుల కుట్లే చర్మాన్ని ఒరుసుకుని పుండ్లు చేస్తాయి. రాపిడి పడే చోట క్రీము రాసుకోండి. దిగిన వెంటనే ఆ షార్ట్స్ విప్పి స్నానం చేయండి. గంటలు గడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బూట్లు ఉదయం బిగుతుగా ఉండకూడదు.

ఇక సాధన. 12 వారాలలో వారానికొక సుదీర్ఘ ప్రయాణాన్ని క్రమంగా పెంచుకుంటూ వెళ్లండి. మీ ప్రస్తుత స్థాయికి నేను సూచించే క్రమం ఇది: మొదటి మూడు వారాలు 60, 70, 80 కిలోమీటర్లు, నాలుగో వారం 60, తరవాతి మూడు వారాలు 90, 105, 120, ఎనిమిదో వారం 80, తొమ్మిదో వారం 135, పదో వారం 150, పదకొండో వారం మళ్లీ 80, పన్నెండో వారం అసలు ప్రయాణం. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించడం బద్ధకం కాదు. శరీరం బలపడేది తొక్కుతున్నప్పుడు కాదు, తొక్కిన తరవాత విశ్రాంతిలో. పైగా గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి గానీ, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. దమ్ము బాగుంది కదా అని ఒక్కసారిగా దూరం పెంచినవారికి మోకాలి దగ్గర, మడమ వెనక నొప్పులు రావడానికి ఈ తేడాయే మూలం. 150 తొక్కగలిగినవారు, తిండీ నీరూ సక్రమంగా చూసుకుంటే, 200 కూడా తొక్కగలరు. సాధనలోనే 200 పూర్తి చేసి చూడాల్సిన అవసరం లేదు.

వారం మధ్యలో మరో రెండు రోజులు గంట గంటన్నర తొక్కితే చాలు. అందులో ఒక రోజు ఎత్తుల మీదో, ఎదురుగాలిలోనో 4 నుంచి 5 నిమిషాల పాటు గట్టిగా తొక్కి, అంతే సేపు తేలిగ్గా తొక్కుతూ నాలుగైదు మార్లు చేయండి. మిగతా రోజూ, వారాంతపు సుదీర్ఘ ప్రయాణమూ మాత్రం పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగే వేగంలోనే సాగాలి. ఈ నియమాన్ని పాటించడం చాలామందికి కష్టంగా ఉంటుంది. తేలిక రోజున కొంచెం వేగం, గట్టి రోజున కొంచెం నీరసం, చివరికి అన్ని రోజులూ ఒకే మధ్యస్థ శ్రమగా మారిపోతాయి. తేలికైన వేగంలో గంటల తరబడి తొక్కినప్పుడే కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు పెరిగి, కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి మెరుగుపడుతుంది. 200 కిలోమీటర్లకు కావలసింది అదే. గేరు విషయంలో కూడా, బరువైన గేరులో నెమ్మదిగా తొక్కే అలవాటుంటే మానుకుని, తేలికైన గేరులో నిమిషానికి 80 నుంచి 90 మార్లు తిప్పడం నేర్చుకోండి. శ్రమ మోకాళ్ల మీద నుంచి ఊపిరి మీదికి మళ్లుతుంది, ఊపిరి త్వరగా కోలుకుంటుంది.

తిండి గురించి లెక్కతోనే మాట్లాడుకోవడం మంచిది. శరీరం కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, దాదాపు 400 నుంచి 500 గ్రాములు. శక్తి రూపంలో సుమారు 2,000 కిలోకేలరీలు. మధ్యస్థ వేగంలో తొక్కితే గంటకు 400 నుంచి 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కొంత భాగం కొవ్వు నుంచి వచ్చినా, ఏమీ తినకుండా తొక్కితే కొన్ని గంటల్లో ఆ నిల్వ అడుగంటుతుంది. అప్పుడు కాళ్లు కదలవు, చూపు మందగిస్తుంది, కారణం లేకుండా చిరాకు, నిరాశ కమ్ముకుంటాయి. ఆ స్థితికి చేరాక తిన్నది పనిచేయడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఆకలి వేసే దాకా ఆగకూడదు. బయల్దేరిన 45 నిమిషాల లోపే మొదటి ముద్ద నోట్లో పడాలి, ఆ తరవాత ప్రతి అరగంటకూ కొంచెం కొంచెంగా, గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఒక మధ్యస్థమైన అరటిపండులో దాదాపు 25 గ్రాములు ఉంటుంది కాబట్టి, గంటకు రెండు పండ్లతో సమానమైన ఆహారమన్నమాట. 10 గంటలకు అది 500 గ్రాములవుతుంది; దారిలో రెండుసార్లు ఆగి కడుపునిండా తినడం ద్వారా దీన్ని భర్తీ చేయలేరు. పైగా నిండు కడుపుతో తొక్కితే రక్తం కాళ్లకు చాలక, కడుపుకూ చాలక రెండూ మొరాయిస్తాయి. తొక్కుతూ జీర్ణం చేసుకోవడం కూడా సాధనతో వచ్చే విద్యే. అసలు రోజున ఏమి తినదలచుకున్నారో అదే ఆహారాన్ని, అదే వ్యవధిలో, 100 కిలోమీటర్లు దాటిన ప్రతి సాధన ప్రయాణంలోనూ తినండి. ఏది పడదో ముందే తెలిసిపోతుంది.

నీటికి అందరికీ వర్తించే కొలత లేదు. చెమట మనిషిని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. మీ కొలత మీరే కనుక్కోవచ్చు. గంటసేపు తొక్కే ముందు, తొక్కిన తరవాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో బరువుకూ ఒక లీటరు నీరు పోయినట్టు లెక్క. మధ్యలో తాగిన నీటిని దానికి కలపాలి. శరీర బరువులో 2 శాతానికి మించి నీరు తగ్గితే, అంటే 70 కిలోల మనిషికి 1.4 కిలోలు తగ్గితే, దమ్ము తగ్గడం మొదలవుతుంది. దీనికి వ్యతిరేక ప్రమాదాన్ని కూడా తక్కువగా చూడకండి. ఉప్పు లేకుండా మంచినీళ్లే గంటల తరబడి అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, అయోమయం, వేళ్లు ఉబ్బడం, ప్రయాణం ముగిసేసరికి బరువు తగ్గకపోగా పెరగడం దాని సూచనలు. ఇది ప్రాణాంతకం కాగలదు. రెండు సీసాలలో ఒకదానిలో లవణాలు కలిపిన నీరు ఉంచుకుని, దాహాన్ని బట్టి మార్చి మార్చి తాగడం మంచి పద్ధతి.

కొత్త సైకిల్ ప్రశ్నకు నా జవాబు స్పష్టంగా: వద్దు. మీ శరీరానికి సరిపోయే చట్రం, తేలికైన కొన్ని గేర్లు, నమ్మదగిన బ్రేకులు ఉన్న ఏ సైకిలైనా 200 కిలోమీటర్లు వెళుతుంది. కొత్తది కొంటే ఇప్పటిదాకా చెప్పిన కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి, అందుకు 3 నెలల్లో సగం పోతుంది. ఖర్చు పెట్టాలనిపిస్తే టైర్ల మీద పెట్టండి. చట్రంలో, బ్రేకుల మధ్య చోటుంటే 28 లేదా 32 మిల్లీమీటర్ల వెడల్పున్న మంచి టైర్లు వేయించండి. టైరును రాయిలా గట్టిగా నింపితేనే వేగమన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. నున్నటి ట్రాకు మీద అది కొంతవరకు నిజం కావచ్చు. మామూలు రోడ్డు మీద మరీ గట్టి టైరు ప్రతి గరుకు మీదా ఎగిరిపడుతూ సైకిల్‌నూ మనిషినీ కుదిపేస్తుంది, ఆ కుదుపులో శక్తి వృథా అవుతుంది. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో సుమారు 70 నుంచి 80 పీఎస్‌ఐ గాలి మంచి ఆరంభం. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు టైరులో దానికన్నా కాస్త తక్కువ ఉంచవచ్చు. టైరు అంచున ముద్రించిన గరిష్ఠ పరిమితిని మాత్రం దాటకూడదు.

చైన్ అరుగుదలను మామూలు స్కేలుతో కొలవవచ్చు. చైన్‌లో లోపలి లంకె ఒకటి, బయటి లంకె ఒకటి కలిపితే సరిగ్గా ఒక అంగుళం. కాబట్టి స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెడితే, కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత మరో పిన్ను మధ్యకు కచ్చితంగా వస్తుంది. ఆ పిన్ను గీతను దాటి అంగుళంలో 16వ వంతు ముందుకు వెళ్లిందంటే చైన్ అర శాతం సాగింది, మార్చేయాలి. 8వ వంతు దాటితే చైన్‌తో పాటు వెనక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే, ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడు పళ్ల మీద నుంచి జారుతుంది. తరవాత బ్రేకు లైనింగులు చూడండి, గేరు తీగలు మీటల దగ్గర పోగులు ఊడుతున్నాయేమో చూడండి. తీగ తెగేది ఎక్కువగా కంటికి కనిపించని ఆ మలుపులోనే. ముందు బ్రేకు బిగించి పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ కింద టకటకమంటే బేరింగు లూజుగా ఉందన్నమాట. పెడళ్లను మోసే కడ్డీలను, అంటే క్రాంకులను, పక్కకు కదిపి వదులుగా ఉన్నాయేమో చూడండి. చక్రం పుల్లలను రెండేసి చొప్పున చేత్తో నొక్కుతూ వెళితే వదులుగా ఉన్నవి వేళ్లకే తెలుస్తాయి. చక్రం వంకర ఉంటే బెండు తీయించండి.

ఈ మరమ్మతులన్నీ అసలు రోజుకు కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి. మరమ్మతు చేసిన సైకిల్‌ను 100 కిలోమీటర్లైనా తొక్కి చూస్తే కొత్త తీగ సాగడం, సరిగ్గా బిగించని మర వదులవడం వంటివి బయటపడతాయి. ఆ తరవాత గాలి, చైన్‌కు నూనె, మరల బిగువు చూడడం తప్ప దేన్నీ ముట్టుకోవద్దు. ప్రయాణానికి ముందు రాత్రి కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త టైరు పెట్టుకోవాలనే ఉత్సాహాన్ని గట్టిగా అణచుకోండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, టైరు ఊడదీసే లివర్లు, పంపు, అలెన్ కీల సెట్టు, చైన్ విప్పే పనిముట్టు, తెగిన చైన్‌ను మళ్లీ కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింకు ఒకటి. ఇవి సంచిలో ఉండడం వేరు, వాడగలగడం వేరు. ఇంట్లో వెనక చక్రం ఊడదీసి, ట్యూబు మార్చి, మీరు తీసుకెళ్లబోయే ఆ చిన్న పంపుతోనే పూర్తిగా గాలి కొట్టి చూడండి. ట్యూబు తీసేటప్పుడు టైరుకూ ట్యూబుకూ ఉన్న పొందికను మరచిపోకండి. టైరు మీది పేరు ఎప్పుడూ వాల్వు పక్కనే వచ్చేలా ముందే అమర్చుకుంటే, ట్యూబుకు గాలి నింపి రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అదే చోట ముల్లు కోసం వెతకవచ్చు. వేలి కొసలతో టైరు లోపలి వైపు మెల్లగా తడుముతూ వెళ్లండి. ముల్లు బయటి నుంచి విరిగిపోయి, లోపల అర మిల్లీమీటరు మొన మాత్రమే మిగిలి ఉంటుంది. అది కంటికి కనబడదు, వేలికి గుచ్చుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేసినవారికి కిలోమీటరు తిరక్కుండానే రెండో పంక్చర్ అవుతుంది. పాము కాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే మాత్రం ముల్లు కోసం వెతకనక్కర్లేదు. గాలి తక్కువై, గుంతలో రిమ్ముకూ నేలకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ రాసి, తడి మెరుపు పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగి అప్పుడు అతికించాలి. తొందరపడి తడిమీద అతికించిన ప్యాచ్ నిలవదు.

తెల్లవారకముందే బయల్దేరినా, చీకటి పడ్డాక ముగించినా దీపాలు తప్పనిసరి: ముందు తెల్లది, వెనక ఎర్రది, ఒంటి మీద వెలుతురును తిప్పికొట్టే జాకెట్టు. పెట్టె మీద రాసిన బ్యాటరీ గంటలను నమ్మకుండా, ఇంట్లో వెలిగించి ఎంతసేపు నిలుస్తుందో చూసుకోండి. వెనక దీపాలు రెండుంటే మంచిది, ఎందుకంటే ఆరిపోయిన సంగతి తొక్కేవారికి తెలియదు.

ప్రయాణం రోజున వేగం గురించి భయపడనక్కర్లేదు. ఫ్రాన్స్‌కు చెందిన సైక్లింగ్ సంస్థ ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నిబంధనల ప్రకారం జరిగే బ్రెవేల్లో, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరప్రయాణాల్లో, 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. 200కు ఇచ్చే గడువును సగటుగా చూస్తే, ఆగిన సమయాన్ని కూడా కలుపుకుని, గంటకు 15 కిలోమీటర్ల లోపే. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే తొక్కే సమయం 10 గంటలు, ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. వేగం పెంచితే ఎంత ఖర్చవుతుందో కూడా చూడండి. గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి ప్రతి నిమిషం కావలసిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 25 నుంచి 28 కిలోమీటర్లకు పెంచితే గాలి మీద ప్రతి నిమిషం వెచ్చించే శక్తి 40 శాతం పెరుగుతుంది, 200 కిలోమీటర్లలో కలిసివచ్చేది మాత్రం 50 నిమిషాలు. అంతకు రెట్టింపు సమయం అనాలోచితంగా ఆగిన చోట్ల పోతుంది. కాబట్టి మొదటి 60 కిలోమీటర్లు మరీ నెమ్మదిగా వెళుతున్నానేమో అనిపించేంత తేలిగ్గా తొక్కండి. ఆగిన ప్రతిచోటా ఏమేం చేయాలో దిగకముందే అనుకోండి: నీరు, తిండి, చైన్ మీద ఒక చూపు, బయల్దేరడం. ముందు రెండు మూడు రాత్రుల నిద్ర కూడా ఈ ప్రణాళికలో భాగమే; చివరి రాత్రి ఉత్సాహంతో నిద్ర పట్టకపోయినా అంతకుముందు బాగా నిద్రపోయిన రాత్రులే ఆదుకుంటాయి.

కొన్ని సూచనలు కనిపిస్తే దూరం లెక్క చూడకుండా ఆగిపోవాలి: ఛాతీలో నొప్పి లేదా బిగువు, మాటల్లో తడబాటు, ఎండలో అయోమయం, కీలులో పోటు పొడిచినట్టు వచ్చే నొప్పి, కళ్లు మూతలు పడేంత నిద్రమత్తు. కండరాల అలసట తొక్కుతూ ఉంటే వచ్చి పోతుంది. ఇవి అలా పోవు. గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం వంటివి ఉన్నా, చాలాకాలంగా వ్యాయామం లేకపోయినా, సాధన మొదలుపెట్టే ముందే వైద్యులను సంప్రదించండి.

బృందమా, ఒంటరిగానా అన్న ప్రశ్నకు, సాధనలో రెండూ చేయండి. ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకున్నవారికి గాలి నిరోధం గణనీయంగా తగ్గుతుంది, ఎదురుగాలిలో అది వరమే. కానీ చక్రానికి చక్రం అంత దగ్గరగా వెళ్లడానికి, చేతి సైగలతో గుంతలనూ ఆగడాన్నీ చెప్పుకోవడానికి ముందే అలవాటు ఉండాలి. అలవాటు లేనివారు గుంపులో తమకే కాదు, వెనకవారికి కూడా ప్రమాదం. ఒంటరి సాధనలో మీ సహజ వేగం ఎంతో మీకు తెలుస్తుంది, పంక్చర్ వేయడానికి ఇంకొకరి వైపు చూసే అవకాశం ఉండదు. అసలు రోజున మీతో సమానంగా, లేదా మీకన్నా కాస్త నెమ్మదిగా తొక్కే ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లండి. ముందున్న బృందాన్ని అందుకోవడానికి మాటలు ఆగిపోయేంత వేగంగా తొక్కాల్సి వస్తోందంటే, ఎంత మంచి స్నేహితులైనా సరే, వారిని వెళ్లనిచ్చి మీ వేగానికి వచ్చేయండి.